ఉత్తమ పురుష

ఔలు పట్టణపు కోర్టులో
ఇరవై రెండేళ్ళుగా నా కొలువు
"నేను" అనడం.

ముద్దాయి రష్యన్‌లో నసుగుతాడు.
ఫిన్నిష్‌లో, ఆ నసుగుడుతో సహా, అప్పజెబుతాను:
"నేను ఆ పడవ మోటారు ముట్టుకోలేదు."
భోజనాలయ్యాక ఇంకొకామె:
"నేను వాడి తలుపు మూడుసార్లు తట్టాను."
ఒకే గొంతు, ఒకే గ్లాసు నీళ్ళు,
సాయంత్రానికి నోరంతా ఊరందరి నేనులు.
ఒకనాడు వంటగదిలో
"నాకు ఆకలిగా ఉంది" అన్నాను పైకి.
అని, ఎవరి తరఫున అంటున్నానో
కాగితాల్లో వెతుక్కున్నాను.

రిజిస్ట్రారు హెమ్మింకి సెలవు చీటీ మీద ముద్ర వేస్తూ
"ఒక్కదానివేనా?" అన్నాడు.
అలవాటు కొద్దీ ఆ ప్రశ్నను
లోలోపల రష్యన్‌లోకి మార్చాను.
జవాబు చెప్పడం మరిచిపోయాను.

*

బస్సు చివరి స్టాపు.
అక్కణ్ణించి ఉత్తరంగా పద్దెనిమిది కిలోమీటర్లు.
చిత్తడి మీద రెండేసి పలకలు పరిచిన దారి,
మోకాలెత్తు బర్చ్ పొదలు కుంకం రంగులో.
చీకటి పడే వేళకి
తాళం లేని చెక్క గుడిసె.
ఎవరైనా రావచ్చు, ఎవరిదీ కాదు.

అగ్గిపెట్టె తడిసిపోయింది.
లోపలి జేబులో, రేకు డబ్బాలో, నాలుగు పుల్లలు.
గొడ్డలి దెబ్బకు తడి దుంగ నవ్విందే తప్ప చీలలేదు.
పొయ్యి పక్కన చూద్దును కదా,
నాకు ముందు ఎవరో
చీల్చి పేర్చి పోయారు,
ఎండిన చెక్కపేళ్ళు, కాస్త బర్చ్ బెరడు.
ఒంటరితనం వెతుక్కుంటూ వచ్చి
మొదటి రాత్రే ఒకరికి బాకీపడ్డాను.

రెండో రోజంతా బుర్రలో కోర్టు నడిచింది.
గుమ్మం ముందు వాలిన కూక్కెలి పిట్ట
రొట్టెముక్క కోసం మెడ వంచితే
దానికీ ఒక వాంగ్మూలం కట్టబెట్టాను.
అది ఏమీ సరిదిద్దకుండా ఎగిరిపోయింది.

మూడో రోజు పొగమంచు.
నీళ్ళకని వాగు దాకా వెళ్ళి వెనుదిరిగితే
గుడిసె లేదు, దారి లేదు,
చేతిలో బకెట్టు ఒక్కటే నిజం.
ఎవరో ఒకరు మొదట మాట్లాడాలి,
ఆ తరువాతే నా వంతు.
ఎవరూ మాట్లాడలేదు.
వాగు గొణుగుతోంది గానీ
ఆ భాషలో నాకు లైసెన్సు లేదు.
ఎంతసేపు నిలబడ్డానో, వేళ్ళు మొద్దుబారాయి.
అప్పుడు అన్నాను, పైకే:
"నేను కుడివైపు వెళ్తాను."

తప్పు.
అరగంట నడిచి మోకాలిదాకా బురదలో దిగబడ్డాను.
బూటు ఒకటి ఊడితే చేత్తో తవ్వి లాక్కున్నాను.
పళ్ళు టకటకలాడుతుంటే, విచిత్రం,
బుర్ర మాత్రం
కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది.
ఎన్నేళ్ళకో నాదే అయిన తప్పు,
పూర్తిగా నాదే.
ఇంకొకరి వాక్యంలోంచి రాలేదది.
నా అడుగుల గుంతల్లో అప్పటికే నీళ్ళు ఊరాయి.
వాటినే ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెనక్కి వచ్చాను.

*

మా భాషలో
"నేను" అన్న మాట తీసేసినా
క్రియ తోకలో అది మిగిలే ఉంటుంది.
లేస్తాను. నీళ్ళు తెస్తాను.
బూడిద ఎత్తిపోస్తాను. కూర్చుంటాను.
మిగతా రోజులన్నీ అలాగే గడిచాయి,
తోక మాత్రమే కదిలే వాక్యాల్లో.
చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు.
ఒక తల్లి రెయిన్‌డీర్ గుమ్మం దాకా వచ్చి చూసిపోయింది.
చేప ఉప్పెక్కువైంది.
ఒక మధ్యాహ్నం నిద్ర లేచి
ఏమీ ఆలోచించడం లేదని గమనించాను.
గమనించడంతో అదీ పోయింది.

ఆరో రోజు పొద్దున్నే
దుంగ నిలబెట్టి, పీచు ఎటు నడిచిందో చూసి
ఒక్క వేటు. రెండు చెక్కలు.
కాల్చినదానికి రెట్టింపు చీల్చి పేర్చాను,
రాబోయేవాళ్ళ అగ్గిపెట్టె కూడా తడిసే ఉంటుందని.

గోడకు దారంతో వేలాడే పుస్తకంలో రాశాను:
"గొడ్డలి పిడి వదులు. వాడేముందు నీళ్ళలో నానబెట్టండి.
పొగమంచులో, వాగు దగ్గర ఎడమవైపు."
కింద సంతకం చోట "నేను" అని పెట్టి
కాసేపు దాన్నే చూశాను.
ఎవరికి తెలుస్తుందిలే అని
పక్కన ఇర్మెలి అని చేర్చాను.

బయట మంచు పట్టిన పలకల మీద
మొదటి అడుగే జారింది.